ట్రిప్పు కార్డు మీద మైనస్

ఆల్జీబ్రా పుస్తకానికి డ్రైవరు నిదానం పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసి, దాని మీద పెద్దక్షరాలతో 'రూటు మ్యాపులు' అని రాశాడు. బస్సు డ్రైవరు చేతిలో రూటు మ్యాపుల పుస్తకం ఉంటే ఎవరికీ అనుమానం రాదు. ఇరవై రెండేళ్ళుగా ఒకే రూట్లో తిరిగే మనిషికి మ్యాపెందుకని అడిగేంత తెలివైనవాళ్ళు డిపోలో లేరని ఆయన నమ్మకం.

ఆయన అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా కనిపించదు. అందరికీ నిదానమే. పసుపు దీపం పడగానే బ్రేకు మీద కాలు వేస్తాడు. పరిగెత్తుకొచ్చే ప్రయాణికుడు అద్దంలో కనిపిస్తే అరనిమిషం ఆగుతాడు. కుర్ర డ్రైవర్లు వెక్కిరింపుగా పెట్టిన పేరది. కనీసం పిల్లినైనా తొక్కకుండా ఇన్నేళ్ళు గడిచేసరికి దానికి 'గారు' కూడా చేరింది.

క్లచ్చు తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు అరిగిపోయింది. ఇంకో ఆరు నెలలు దాటితే స్టీరింగు ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. డిపోలో టైమ్‌టేబుళ్ళు వేసే గుమాస్తా, అందరూ గడియారం అని పిలిచే పెద్దమనిషి, సరిగ్గా అప్పటికే రిటైరవుతున్నాడు. ఆ కుర్చీ నిదానానికే ఇస్తామన్నారు పైవాళ్ళు. షరతు ఒక్కటే. కాలేజీలో ఇంటర్మీడియట్ ఆల్జీబ్రా కోర్సు పాసైన కాగితం తేవాలి.

"ఎక్స్ అంటే ఏంటో తెలీకుండా ముప్పై ఏళ్ళు ఈ బస్సులన్నీ తిప్పాను," అన్నాడు గడియారం. "ఇప్పుడు రూలు మారింది. నా అదృష్టం, నీ ఖర్మ."

వారానికి మూడు సాయంత్రాలు క్లాసు. ఆ సంగతి గడియారానికి తప్ప ఎవరికీ తెలియదు. డిపోలో నవ్వుతారన్నది ఆయన తనకు తాను చెప్పుకున్న కారణం. అసలు కారణం ఆయన కూతురు.

నాలుగేళ్ళ కిందటి మాట. అమ్మాయి అప్పుడు కాలేజీలో మొదటి సంవత్సరం. ఒక ఆదివారం మధ్యాహ్నం భార్య చెల్లెలూ, తోడల్లుడూ భోజనానికొచ్చారు. తిన్నాక మాట పిల్లల చదువుల మీదికి మళ్ళింది. తోడల్లుడు తన కొడుకు మార్కులు చెప్పుకుని, చెప్పుకున్నవాడు ఊరుకోక, "మన అమ్మడికి లెక్కల్లో ఎన్నొచ్చాయి అన్నయ్యా?" అన్నాడు.

అమ్మాయి కంచాలు తీయబోయింది. నిదానం లేచి ఆమె సంచిలోంచి పేపరు బయటికి లాగాడు. యాభైకి పద్నాలుగు. ఇంట్లో చెప్పకుండా దాచిందన్న కోపమో, తోడల్లుడి ముందు తల కొట్టేసినట్టయిందో, ఆయనకే తెలియదు. కుర్చీ మీద చెయ్యేసి నిలబడి, కండక్టరు స్టాపులు అరిచే గొంతుతో ఆ పేపరు చదవడం మొదలుపెట్టాడు.

"మొదటి లెక్క, సున్నా! రెండో లెక్క, సున్నా! మూడో లెక్క, రెండు మార్కులు, దిగేవాళ్ళు దిగండి! నాలుగో లెక్క, మళ్ళీ సున్నా, డోరు దగ్గర నిలబడకండి!"

తోడల్లుడికి నవ్వీ నవ్వీ పొలమారింది. ఇల్లంతా నవ్వింది. అమ్మాయి కూడా నవ్వింది, కొంచెంగా, పెదవులతో. అది చూసి ఆయన పిల్ల సరదాగానే తీసుకుందనుకున్నాడు. చివరి స్టాపు దాకా చదివాడు.

సోమవారం అమ్మాయి కాలేజీకి వెళ్ళలేదు. మంగళవారమూ వెళ్ళలేదు. నెల తిరక్కుండా కళ్ళజోళ్ళ షాపులో పనికి కుదిరింది. ఏడాదయ్యాక, షాపుకు దగ్గరగా ఉంటుందని, తోటి అమ్మాయితో కలిసి గది తీసుకుంది. అలిగిందా అంటే అలగలేదు. రెండు వారాలకోసారి ఆదివారం వస్తుంది, తల్లితో కలిసి గిన్నెలు కడుగుతుంది, "మోకాలు ఎలా ఉంది నాన్నా?" అని అడుగుతుంది. మారిందొక్కటే. మాటలొచ్చిన నాటి నుంచి తండ్రిని నువ్వు అన్న పిల్ల ఆ వారం నుంచి మీరు అనడం మొదలుపెట్టింది.

"పెద్దదయింది కదండీ. గౌరవం తెలిసొచ్చింది," అంది భార్య.

అది గౌరవం కాదని మొగుడూపెళ్ళాలిద్దరికీ తెలుసు.

ఇప్పుడు అదే లెక్కల పరీక్షకు తను కూర్చున్నాడు. తప్పితే డిపోలో బస్సులు కడిగే పని ఇస్తారు; అది చేసుకోవచ్చు, దానికి సిగ్గు లేదు. తప్పితే కూతురు ఎదురుగా ఏ మొహం పెట్టుకుని కూర్చోవాలి? అందుకే క్యాలెండరు అట్ట.

క్లాసులో ఆయన ముందు బల్ల మీద కూర్చునేవాడు. మోకాలు చాచుకోవడానికి అక్కడ చోటుంటుంది. చుట్టూ ఇరవై ఏళ్ళ పిల్లలు. పాఠం చెప్పే మేడమ్‌కు ముప్పై కూడా నిండి ఉండవు. సుద్దముక్క అరిగేకొద్దీ ఇంకా వేగంగా రాస్తుంది. పుస్తకంలోని అక్షరాలు నిదానానికి చీమల్లా కనిపించేవి. చెయ్యి పూర్తిగా చాచి, తలకాయ వెనక్కి పెట్టి చదువుతుంటే వెనక బల్లవాడు, "అంకుల్, నాకూ కనిపిస్తోంది, పేజీ తిప్పకండి," అనేవాడు.

రెండో వారంలో బస్సుల లెక్క వచ్చింది. ఒక బస్సు గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో బయల్దేరింది. రెండు గంటల తర్వాత అదే దారిలో ఇంకో బస్సు ఎనభై వేగంతో బయల్దేరింది. రెండోది మొదటిదాన్ని ఎన్ని గంటల్లో అందుకుంటుంది? ఇన్నాళ్ళకు తన లెక్క వచ్చిందని నిదానం ఉత్సాహంగా బోర్డు దగ్గరికి వెళ్ళాడు. ఆరు గంటల నలభై నిమిషాలు అని రాశాడు.

"ఆరు గంటలు సరిపోయింది," అంది మేడమ్. "ఆ నలభై నిమిషాలు ఎక్కణ్ణుంచి వచ్చాయండీ?"

"రెండు విరామాలు మేడమ్. ఒక్కోటి ఇరవై నిమిషాలు. అంతసేపు విరామం లేకుండా నడిపితే డ్రైవరు మీద కేసు రాస్తారు."

క్లాసు గొల్లుమంది.

"ఈ బస్సులు ఎక్కడా ఆగవనుకోండి."

"ఆగని బస్సెందుకు మేడమ్? ఎవరెక్కుతారు? ఇంకోటి, వెనక బస్సు ముందు బస్సును దాటడం కూడా తప్పే. దానికి మెమో ఇస్తారు."

మేడమ్ కూడా నవ్వింది. నవ్వి, "మీరు చెప్పిందే నిజం. కానీ ఈ పుస్తకం రాసినాయన ఎప్పుడూ బస్సెక్కి ఉండడు. ఆయన కోసం ఈ ఒక్కసారికి ఆపకుండా పోనివ్వండి," అంది. ఆ నవ్వులో నిదానానికి ఎక్కడా ముల్లు గుచ్చుకోలేదు. బల్ల దగ్గరికి తిరిగి వస్తుంటే వెనక బల్లవాడు చేయి కలిపాడు కూడా.

ఆ తర్వాత మొదటి పరీక్ష. మేడమ్ పేపర్లు పంచుతూ ప్రతి పేపరునూ బోర్లా పెట్టి వెళ్ళింది. పక్కవాడికి కనపడకుండా, ఎవరిది వాళ్ళే తిప్పి చూసుకునేలా. నిదానం తన పేపరు ఒక మూల మడిచి చూశాడు. యాభైకి పదకొండు.

ఆయన దాన్ని వెంటనే తిప్పలేదు. ఆ తెల్లటి వెనకవైపునే చూస్తూ కూర్చున్నాడు. పేపరును ఇలా బోర్లా పెట్టొచ్చని ఆయనకు తోచనే లేదు ఆ రోజు. ముప్పై మంది పరాయి పిల్లల మధ్య పరాయి మనిషి ఒకామె తనకు చేసిన ఈ చిన్న మర్యాద, సొంత ఇంట్లో సొంత బిడ్డకు తను చెయ్యలేదు. తనకన్నా మూడు మార్కులు ఎక్కువే తెచ్చుకుంది పిల్ల.

క్లాసు అయ్యాక మేడమ్ ఆగమంది.

"పదకొండు చూసి భయపడ్డారా? పడకండి. మీకు లెక్కలు వచ్చు. మీది ఒకటే తప్పు. అది ఎనిమిది చోట్ల ఉంది, అంతే." ఎర్ర పెన్నుతో ఒక వరుస చూపించింది. 12 – (x + 5) = 3 అని ఉంది. కింద ఆయన 12 – x + 5 = 3 అని విప్పాడు. ఎక్స్ పద్నాలుగు అని తేల్చాడు.

"బ్రాకెట్టు ముందు మైనస్ ఉంటే లోపలున్న ప్రతిదానికీ అది వర్తిస్తుంది. ఐదు కూడా మైనస్ ఐదు అవ్వాలి. మీరు మొదటిదానికి మాత్రమే ఇచ్చి, మిగతావాటిని వదిలేస్తున్నారు. ఎక్కడా మర్చిపోకుండా, ప్రతిచోటా ఇలాగే. అజాగ్రత్త అయితే ఒకచోట తప్పు, ఒకచోట ఒప్పు ఉంటుంది. ఇది ఎవరో గట్టిగా నేర్పిన పద్ధతిలా ఉందండీ."

"డిపో నేర్పింది మేడమ్," అన్నాడు ఆయన.

చొక్కా జేబులోంచి ఆ రోజు ట్రిప్పు కార్డు తీసి చూపించాడు. ట్రిప్పు ముగిశాక డ్రైవరు అందులో ఏ స్టాపుకు ఎన్ని నిమిషాలు ముందో, ఎన్ని నిమిషాలు ఆలస్యమో రాయాలి. ముందు చేరితే మైనస్. ఆలస్యమైతే ప్లస్. ఒక ట్రిప్పంతా ఒక బ్రాకెట్టులో పెడతారు. డిపోలోంచి కదిలిన బస్సు మొదటి స్టాపుకే ముందు చేరుతుంది, ఆ తర్వాత జనం ఎక్కేకొద్దీ ఆలస్యమే. అందుకని బ్రాకెట్టు బయట మైనస్ పెడితే అది మొదటి స్టాపుకు మాత్రమే అని డ్రైవర్లందరి వాడుక. కార్డు మీద – (3 + 5 + 2) అని ఉంది. మూడు నిమిషాలు ముందు, ఐదు ఆలస్యం, రెండు ఆలస్యం. మొత్తం నాలుగు నిమిషాలు లేటు.

మేడమ్ ఆ కార్డును అటూ ఇటూ తిప్పి చూసింది. "మా లెక్కలో ఇది పది నిమిషాలు ముందు అవుతుంది," అంది.

"పది నిమిషాలు ముందొస్తే నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారు మేడమ్."

"అయితే డిపోలో డిపో లెక్క. ఇక్కడ ఇక్కడి లెక్క. ఈ పద్ధతి ఎవరికీ నేర్పకండి, పాపం మునిగిపోతారు," అని నవ్వుతూ సంచి భుజానికి తగిలించుకుంది.

ఆయనా నవ్వాడు. మెట్లు దిగాడు. కాలేజీ గేటు దాటి బస్‌స్టాపు బెంచీ మీద కూర్చున్నాక ఆ నవ్వు మొహం మీదే ఆరిపోయింది.

అమ్మాయికి ఏడేళ్ళప్పుడు. సెలవు రోజుల్లో తండ్రితో బస్సెక్కేది. డ్రైవరు సీటు వెనక సీటు ఆమెది. చివరి స్టాపులో ఇంజను ఆపాక ట్రిప్పు కార్డు, పెన్సిలు ఆమె చేతికిచ్చేవాడు. "రాయమ్మా. మైనస్ మూడు, ఐదు, రెండు. బ్రాకెట్టు మూసెయ్. మొత్తం ఎంత?" పిల్ల వేళ్ళు మడిచి, "నాలుగు నిమిషాలు లేటు నాన్నా! నువ్వు లేటు!" అని కేరింతలు కొట్టేది. ఒకసారి బడిలో ఇంకోలా చెప్పారని వచ్చి అడిగింది కూడా. "బడిలో టీచరు బస్సు నడుపుతుందా? మైనస్ ఎప్పుడూ పక్కనున్నదానికే. గుర్తుపెట్టుకో," అన్నాడు. తండ్రి మాట కదా. గుర్తుపెట్టుకుంది.

ఎదురుగా ఒక బస్సు వచ్చి ఆగింది. ఆ బస్సు డ్రైవరు తెలిసినవాడే, తలుపు తెరిచి, "నిదానం గారూ, ఎక్కరా?" అన్నాడు. ఆయన చెయ్యి ఊపి పొమ్మన్నాడు. లేవడానికి మోకాలు సహకరించలేదన్నది నిజమే. అదొక్కటే నిజం కాదు.

మర్నాడు డ్యూటీ నుంచి వచ్చి బీరువా మీది అట్టపెట్టె దించాడు. అమ్మాయి పుస్తకాలు అందులోనే ఉన్నాయని తెలుసు. దించుతుంటే దుమ్ముకు తుమ్ములొచ్చాయి. పెట్టె అడుగున, రెండు నోటుపుస్తకాల మధ్య, ఆ పేపరు దొరికింది. నాలుగుగా మడిచి ఉంది. ఒక కొన మీద ఆ ఆదివారం నాటి నూనె మరక.

నేల మీద కూర్చుని, చెయ్యి చాచి పట్టుకుని చదివాడు. నాలుగేళ్ళ కిందట ఇందులో ఆయనకు అర్థమైంది ఎర్ర సున్నాలు మాత్రమే. ఇప్పుడు మిగతాదీ కనిపించింది. మొదటి లెక్క. పిల్ల ఎంత పొందిగ్గా రాసిందో, సమానం గుర్తులన్నీ ఒకే నిలువు గీత మీద ఉన్నాయి. మూడో వరుస దాకా ఒక్క తప్పు లేదు. నాలుగో వరుసలో బ్రాకెట్టు విప్పింది. మైనస్ పక్కనున్నదానికే ఇచ్చింది. అక్కడి నుంచి లెక్క దారి తప్పింది. రెండో లెక్క, అదే. నాలుగోది, అదే. చెవి మీది పెన్సిలు తీసి ఒక్కో గుర్తూ మార్చి, పక్కనే మళ్ళీ చేసి చూశాడు. అన్నీ తేలాయి. ఆ ఒక్క వాడుక లేకపోతే పిల్లకు పద్నాలుగు కాదు, నలభై పైనే వచ్చి ఉండేవి.

విషం పెట్టిందీ తనే, పడిపోయిందని పదిమందిని పిలిచి నవ్వించిందీ తనే.

"దొరికిందా?" అంది భార్య గుమ్మంలోంచి.

ఆయన ఉలిక్కిపడి పేపరు పుస్తకం కింద తోశాడు.

"రూటు మ్యాపుల కిందే పెట్టండి, భద్రంగా ఉంటుంది," అంది ఆమె. "క్యాలెండరు అట్ట వేస్తే నాకు తెలీదనుకున్నారా? ఏ రూట్లో ఉంటాయండీ అన్ని ఎక్సులూ, అన్ని వైలూ? రెండు నెలల నుంచి చూస్తున్నాను. మంగళవారం, గురువారం, శనివారం. పరాయి ఆడమనిషి కోసమైతే ఎవరూ సుద్దపొడి పూసుకుని రారు కదా అని ఊరుకున్నాను."

ఇంకోరోజైతే ఆయన నవ్వేవాడు. పేపరు బయటికి తీసి ఆమెకిచ్చాడు. ట్రిప్పు కార్డు సంగతి చెప్పాడు. ఆమె చాలాసేపు పేపరు వంక చూసింది. ఆమెకు అందులో ఏమీ అర్థం కాదు. అయినా చూసింది.

"ఆ రోజు నేనూ నవ్వాను," అంది చివరికి. "మీరొక్కరే కాదు."

"నువ్వు చదవలేదు కదా."

"ఆపలేదు కదా." పేపరు మడిచి ఆయన చేతిలో పెట్టింది. "చెప్పండి దానికి. ఆదివారం వస్తుందిగా."

ఆదివారం అమ్మాయి వచ్చింది. "మోకాలు ఎలా ఉంది నాన్నా? మాత్రలు వేసుకుంటున్నారా?" అంది. ఆయన పాసయ్యాక చెప్దామనుకున్నాడు. ఫెయిలైనవాడు వచ్చి క్షమించమంటే సాకు వెతుక్కున్నట్టుంటుంది, పాసై చెప్తే మాటకు బరువుంటుందని తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. భార్య ఎదురుగా కూర్చుని కళ్ళతోనే పొడుస్తోంది. ఆయన వాతావరణం గురించి మాట్లాడాడు. ఆ తర్వాతి ఆదివారమూ వాతావరణమే. "ఈ ఇంట్లో వానలు ఎక్కువయ్యాయి," అంది భార్య.

చదువు మాత్రం కసిగా చదివాడు. ఇరవై రెండేళ్ళ అలవాటు చేతిది, బుద్ధిది కాదు. బుద్ధి మైనస్ లోపలికి తీసుకెళ్ళమంటుంది, చెయ్యి మొదటి అంకె దగ్గరే ఆగిపోతుంది. చివరికి ఒక ఉపాయం దొరికింది. మైనస్‌ను కండక్టరు అనుకున్నాడు. డోరు దగ్గర ఎక్కిన మొదటి మనిషికి టికెట్టిచ్చి ఊరుకుంటే కండక్టరెలా అవుతాడు? బస్సు లోపలికి వెళ్ళాలి, చివరి సీటు దాకా, నిద్రపోతున్నవాణ్ణి కూడా లేపి ఇవ్వాలి. అప్పటి నుంచి బ్రాకెట్టు కనపడితే చాలు, "లోపలికి పదండి, లోపలికి పదండి," అని గొణుక్కునేవాడు. పరీక్షల్లో వెనక బల్లవాడు, "అంకుల్, స్టాపొచ్చిందా?" అనేవాడు గుసగుసగా. రెండో పరీక్షలో ఇరవై ఆరు. మూడోదాంట్లో ముప్పై మూడు. మేడమ్ ప్రతిసారీ పేపరు బోర్లానే పెట్టింది. ఇరవై ఆరుదీ, ముప్పై మూడుదీ కూడా. మార్కులు పెరిగాయి కదా అని తిప్పి పెట్టలేదు.

చివరి పరీక్షలో యాభైకి నలభై ఒకటి వచ్చాయి. పాసు కాగితం చేతికిస్తూ మేడమ్, "టైమ్‌టేబుల్లో డ్రైవర్లకు విరామం మర్చిపోకండి," అంది.

కాగితం తీసుకెళ్ళి గడియారానికి చూపించడమే ఆయన చేసిన పొరపాటు. మధ్యాహ్నం భోజనాల వేళ, క్యాంటీను నిండా జనం. గడియారం బెంచీ ఎక్కాడు.

"ఆగండాగండి! అందరూ వినండి! మన నిదానం గారు కాలేజీ ఆల్జీబ్రా పాస్! నలభై ఒకటి! ఎక్కేవాళ్ళు ఎక్కండి, దిగేవాళ్ళు దిగండి!"

చప్పట్లు. ఈలలు. ఎవరో వీపు మీద చరిచారు. "ఇన్నాళ్ళూ దాచావా దొంగా!" అన్నారు. నిదానం నవ్వడానికి ప్రయత్నించాడు. కొంచెంగా, పెదవులతో. అలా నవ్వుతున్నానని తెలిసిన మరుక్షణం ఆ నవ్వు ఎవరిదో ఆయనకు గుర్తొచ్చింది. మెచ్చుకుంటుంటేనే పారిపోవాలనిపించింది ఆయనకు. పద్నాలుగు మార్కులతో, పంతొమ్మిదేళ్ళ పిల్ల, సొంత ఇంట్లో, ఎక్కడికి పోగలదు?

చేతులు కడుక్కుని మధ్యాహ్నం షిఫ్టు ఇంకొకరికి అప్పగించి, తిన్నగా కళ్ళజోళ్ళ షాపుకు వెళ్ళాడు. నాలుగేళ్ళలో ఆ షాపు ముందు నుంచి కొన్ని వేల సార్లు బస్సు నడిపాడు. లోపలికి రావడం ఇదే మొదలు.

అమ్మాయి కౌంటరు వెనక ఒక ముసలావిడకు ఫ్రేము చెవుల దగ్గర సరిచేస్తోంది. షాపు యజమాని వెనక గదిలో అద్దం సాన పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. తండ్రిని చూడగానే అమ్మాయి మొహం పాలిపోయింది.

"అమ్మకేమైనా అయిందా?"

"లేదు లేదు. బాగానే ఉంది. నేనే వచ్చాను."

ముసలావిడను అద్దం ముందు కూర్చోబెట్టి వచ్చింది. నిదానం నెలలుగా జేబులో పెట్టుకు తిరుగుతున్న రెండు పేపర్లు తీశాడు. తన మొదటి పరీక్ష పేపరు కౌంటరు మీద మార్కులు కనపడేలా పెట్టాడు. ఆమె పాత పేపరు బోర్లా పెట్టాడు. పాసు కాగితం జేబులోనే ఉండిపోయింది. తేవాలని తెచ్చాడు కానీ, తీయబుద్ధి కాలేదు.

"ఈ పదకొండు నాది," అన్నాడు. "సాయంత్రం కాలేజీకి వెళ్ళాను. ఆల్జీబ్రాకి. నీకు చెప్పలేదు. రెండోది నీది. దాంట్లో నీ తప్పు లేదమ్మా. నేను నేర్పిన ట్రిప్పు కార్డు వాడుక అది. మైనస్ పక్కనున్నదానికే అని నేనే..."

"తెలుసు," అంది అమ్మాయి.

ఆయన తలెత్తి చూశాడు.

"ఇక్కడ చేరిన మొదటి వారమే తెలిసింది. డాక్టరు చీటీలో పవర్లు మైనస్ నుంచి ప్లస్‌లోకి మార్చి రాయాల్సి వస్తుంది. నేను తప్పు రాస్తే సార్ పిలిచి, గుర్తు దేనిదేనికి మార్చాలో ఒక్కసారి చూపించారు. ఒక్కసారే. మళ్ళీ తప్పలేదు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి ఆలోచిస్తే అర్థమైంది."

"మరి చెప్పలేదేం?"

"ఎవరికి? మీకా?" ఆమె గొంతు పెంచలేదు. "చెప్తే ఏమనేవారు? చేతగాక నామీదికి తోస్తున్నావనేవారు. మీకు అప్పటికి ఆల్జీబ్రా రాదుగా."

ఆయన సరిగ్గా అదే అనేవాడు.

"అయినా మైనస్ వల్ల నేను మానలేదు నాన్నా. ఒక్క గుర్తు ఎంతసేపు, దిద్దుకునేదాన్ని." ఆమె బోర్లా ఉన్న పేపరు మీద చెయ్యి పెట్టింది, తిప్పలేదు. "మీరు చదివారే. బాబాయి ముందు. స్టాపులు చదివినట్టు. అది."

లోపల సాన చప్పుడు ఆగింది. ముసలావిడ అద్దంలోంచి వీళ్ళిద్దరినీ చూస్తోంది.

ఇన్ని నెలలూ తప్పంతా ట్రిప్పు కార్డుదని మోసుకు తిరిగాడు. అది కొంచెం తేలికైన బరువని, అందుకే దాన్ని ఎత్తుకున్నాడని ఇప్పుడు తెలిసింది. తెలియక నేర్పిన తప్పుకు పశ్చాత్తాపపడటం సులువు. ఆ పేపరు పైకి చదవడం మాత్రం తెలియక చేసింది కాదు.

"అవును," అన్నాడు. "చదివాను. నువ్వు నవ్వుతుంటే కూడా ఆపలేదు." పదకొండు మార్కుల పేపరు ఆమె వైపు జరిపాడు. "ఇది చదువమ్మా. అందరికీ వినపడేలా. ఆవిడా విననీ, మీ సారూ విననీ."

అమ్మాయి పేపరు చేతిలోకి తీసుకుంది. ఒక్క క్షణం నిజంగానే చదువుతుందనుకున్నాడు ఆయన. చదివితే బాగుండునని కూడా అనుకున్నాడు. రెండు చేతులూ కౌంటరు మీద ఆనించి నిలబడ్డాడు, బ్రేకు పడేముందు నిలబడే ప్రయాణికుడిలా.

"మొదటి లెక్క," అంది ఆమె, ఆయనకు మాత్రమే వినపడేంత గొంతుతో. ఆగింది. పేపరు మీద ఎక్కడ చూసినా ఒకే తప్పు. ఆమె కళ్ళు వరుస వెంట వరుస దిగుతూ పోయాయి. పెదవి కొరుక్కుంది. పేపరు బోర్లా పెట్టి, తన పేపరు మీద పెట్టేసింది. రెంటి మీదా ఒక ఫ్రేము బరువుంచింది.

"దీన్ని ఎంత దూరంలో పట్టుకుని చదివారు మీరు?"

ఆయనకు అర్థం కాలేదు. అలవాటుగా చెయ్యి చాచి చూపించాడు.

"అంత దూరమా? ఆ పుస్తకం మొత్తం అలాగే చదివారా?" ఆమె విసుక్కుంటూ కౌంటరు పలక ఎత్తి ఇవతలికొచ్చింది. "మోకాలు చూపించుకుంటారు, కళ్ళు చూపించుకోరు. రండి."

మూలనున్న ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టింది. బరువైన పరీక్ష ఫ్రేము ఆయన ముక్కు మీద పెట్టి, చెవుల వెనక తన వేళ్ళతో సర్దింది. ఎన్నేళ్ళయిందో ఆ వేళ్ళు తన మొహానికి తగిలి. దగ్గరి అక్షరాల కార్డు చేతికిచ్చింది. మామూలుగా పుస్తకం పట్టుకునే దూరంలో పట్టుకోమంది.

"పై నుంచి చదవండి."

ఆయన చదివాడు. మొదటి వరుస వచ్చింది. రెండోది వచ్చింది. మూడో వరుసలో ఒక అక్షరం బదులు ఇంకో అక్షరం చదివాడు. చదివాక తప్పని ఆయనకే అనుమానం వచ్చి ఆగాడు, షాపు వైపు చూడకుండా, ఎవరో నవ్వుతారన్నట్టు.

ఎవరూ నవ్వలేదు. ఆమె తప్పని చెప్పలేదు. పెట్టెలోంచి ఒక గాజు తీసి, ఫ్రేములో ఉన్నది తీసి, దీన్ని వేసింది.

నాలుగో వరుసలో మళ్ళీ తప్పాడు. ఆమె ఇంకో గాజు మార్చింది.

కార్డు మీది అక్షరాలు కదిలి, అటూ ఇటూ ఊగి, ఒక్కొక్కటే వచ్చి నిలబడ్డాయి. ఆయన మాత్రం వాటిని చూడటం లేదు. కళ్ళలో నీళ్ళున్నాయి, ఏ గాజు వేసినా ఇప్పుడు లాభం లేదు. ఆ సంగతి చెప్పడానికి సిగ్గేసి, కార్డునే పట్టుకుని కూర్చున్నాడు.

ఆమె తొందరపెట్టలేదు. తర్వాత మెల్లగా అడిగింది.

"ఇప్పుడు కనిపిస్తోందా నాన్నా? చెప్పు."